అల్లం అర్రలో తీసిన ఫోటో

మొన్న సాయంత్రం కరెంటు పోయినప్పుడు నా మనవరాలు దీపం వెలుతురులో నన్ను ఫోటో తీసింది. "కదలొద్దు అమ్మమ్మా" అని చెప్పింది కానీ, ఫోను అంతసేపు తీసుకుంటుందని నాకు తెలియదు. నడుమలో లేచి పొయ్యి మీది పాలు చూడడానికి పోయాను. ఫోటోలో కుర్చీ ఉంది. కుర్చీలో నేనూ ఉన్నాను. నాలోనుంచి వెనక గోడ, గోడకు వేలాడుతున్న క్యాలెండరు కనబడుతున్నాయి.

"దయ్యం లెక్క వచ్చినవ్. తీసేస్తున్న" అంది నవ్వుకుంటూ.

"తీసెయ్యకు" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చినట్టుంది, పిల్ల నా ముఖంలోకి చూసింది. ఎందుకో ఆ పొద్దు దానికి చెప్పలేకపోయాను.

నాకప్పుడు పదకొండేళ్లు. జహీరాబాదులో చలికాలం మొదలైందంటే మా ఇల్లంతా అల్లం వాసనే. కోహీరు రోడ్డు పక్కన మా చేను. తవ్విన అల్లాన్ని మట్టితోనే బస్తాలకెత్తి తెచ్చి, ఇంటి వెనక ఒక పెద్ద అర్రలో పోసేవాళ్లు. లారీలకెక్కేది ఒక మూలకు, విత్తనానికి ఉంచేది ఇంకో మూలకు. ఆ అర్రకు కిటికీ లేదు. పైకప్పులో పెంకుల నడుమ ఒకే ఒక గాజు పెంకు ఉండేది. పొద్దెక్కినకొద్దీ దానిలోనుంచి వెలుతురు చారలా దిగి, అల్లం కుప్ప మీదుగా మెల్లగా జరిగేది. తడిమట్టి, అల్లం ఘాటు, గోనెసంచుల వాసన కలిసి ముక్కులోకి పోతే ఒక్కొక్కసారి కళ్లలో నీళ్లొచ్చేవి. నా బడిబట్టలకు కూడా అదే వాసన. బెంచీ మీద నా పక్కన కూర్చునే పిల్ల "మీ ఇంట్ల దినాం చాయ్ గాస్తరా?" అనేది.

అమ్మ జొన్నరొట్టెలు కొట్టి, పచ్చి అల్లం, ఎండుమిరపకాయలు, చింతపండు, కొత్త బెల్లం కలిపి తొక్కు నూరేది. ఆ తొక్కు లేనిదే మా తాత రొట్టె ముట్టడు. చెరుకు గానుగ ఆడే రోజుల్లో పిల్లలమంతా అక్కడికి పోయి, ఉడుకుతున్న పెనం మీది నురుగులో చెరుకు ముక్క ముంచుకుని నాకేవాళ్లం. నాలుక కాలేది. కాలిన నాలుకతోనే జామకాయ ఉప్పులో అద్దుకుని తినేవాళ్లం, మండుతుంటే ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్లం.

ఆ ఏడే మా చిన్నాయిన సికింద్రాబాదు పాత సామాన్ల దుకాణం నుంచి ఒక కెమెరా తెచ్చాడు. నల్లటి పెట్టె, తోలు తొడుగు, ముందర ఒక గుండ్రటి కన్ను. కంటి చుట్టూ అంకెలు, అన్నిటికన్నా చివర ఇంగ్లీషులో 'బి'.

"బి అంటే ఏంది చిన్నాయినా?"

"బుద్ధిగుండు అని" అన్నాడు. ఆ తర్వాత నిజం చెప్పాడు. ముల్లును బి మీద పెడితే బొత్తాం నొక్కినంతసేపూ కెమెరా కన్ను తెరుచుకునే ఉంటుంది. చీకటి అర్రలోనైనా సరే, ఇరవై లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకుంటే ఫోటో పడుతుంది. అంతసేపూ కెమెరా కదలకూడదు, ముందరున్న మనిషీ కదలకూడదు.

మొట్టమొదట తాతను తీశాడు. అల్లం కుప్ప ముందర పీట వేసి కూర్చోబెట్టాడు. పన్నెండు లెక్కపెట్టేసరికి బయట లారీవాడు కేకేశాడు. తాత చటుక్కున లేచి పోయాడు. వారం తర్వాత ఫోటో కడిగి తెస్తే, తాత ఛాతీలోనుంచి అల్లం కొమ్ములు కనబడుతున్నాయి. ధోతి పొగలాగా ఉంది. కుప్పకు ఆనించిన చేతికర్ర మాత్రం చెక్కుచెదరకుండా పడింది.

"నేనింక బతికే ఉన్న గదరా! అప్పుడే నన్ను పొగ జేసినవా?" అని తాత లేచాడు. అమ్మ గబగబా ఉప్పు తెచ్చి దిష్టి తీసింది. చిన్నాయిన తాతను కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పాడు. "నువ్వు కూసున్నంతసేపు నువ్వు పడ్డవు. లేచినంక నీ ఎన్కున్న అల్లం పడ్డది. రెండు ఒకదాని మీద ఒకటి. గంతే నాయినా." తాత మూతి ముడుచుకున్నాడు. నాలుగు రోజులు పోయాక చూస్తే, రాయికోడు నుంచి వచ్చిన బంధువులకు ఆ ఫోటో తనే తీసి చూపిస్తున్నాడు. "నడుమల లేచిపోయిన. గందుకే గిట్ల" అని చెబుతుంటే ఆ ముఖం వెలిగిపోతోంది.

ఇక మా ఇంట్లో అందరూ దయ్యాలయ్యారు. రోలు కాడ కూర్చున్న అమ్మ సగం మాయమైంది. నేను ఒకే ఫోటోలో రెండు చోట్ల పడ్డాను. మేక కట్టుకొయ్యకు తాడు మాత్రమే మిగిలింది. ఒక్కో రీలుకు పన్నెండు ఫోటోలే, అందుకని చిన్నాయిన కెమెరా మా చేతికిచ్చేవాడు కాదు. కానీ పక్కన నిలబడి చూసి చూసి నాకు అంతా వచ్చేసింది.

మా వెనక గోడ పక్కనున్న చిన్న ఇంట్లో బొంతలవ్వ ఉండేది. ఆమె అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు. ఎప్పుడో బీదరు దిక్కు నుంచి ఒంటరిగా వచ్చిందట. పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి బొంతలు కుట్టేది. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేది. మా అరుగు మీద కూర్చుని కుడుతుంటే నేను సూదిలో దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. ఎక్కించినందుకు పిడికెడు పల్లీలు, బెల్లం ముక్క. నోరు మాత్రం కత్తి. దారం ఒక్కసారికి ఎక్కకపోతే "కండ్లు ఇంటికాడ వెట్టి వచ్చినవా?" అనేది. పిల్లలకు కడుపునొప్పి వస్తే అల్లం, వాము నూరి బొడ్డు చుట్టూ పట్టు వేసేది. అందుకని వాడకట్టులోని తల్లులంతా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

సంక్రాంతి ఇంకా రాలేదు. చిన్నాయిన ఉద్యోగం ఇంటర్వ్యూ అని హైదరాబాదు పోయాడు. పోతూ పోతూ "కెమెరా ముట్టుకుంటే చేతులిరగ్గొడ్త" అని నాకే చెప్పి పోయాడు. రీలులో ఇంకా ఒక్క ఫోటో మిగిలి ఉంది. అది నాకు తెలుసు.

మరుసటి రోజు మధ్యాహ్నం అమ్మ, నాయన చేనుకు పోయారు. బొంతలవ్వ తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ మా అరుగు మీద కూర్చుంది.

"అవ్వా, నీ ఫోటో తీస్త, దా."

"నన్నా? ఇన్నేండ్లల నన్ను ఎవ్వరు దీయలె. ఆ డబ్బ నన్ను లోపలికి గుంజుకుంటదా ఏంది?"

"దయ్యం లెక్క వస్తవ్."

"హౌదా?" అని కళ్లు పెద్దవి చేసింది. ఆ మాట ఆమెకు అలవాటు, 'అవునా' అన్నట్టు. "మంచిదే. చచ్చినంక ఎట్లుంటనో ఇప్పుడే చూసుకోవచ్చు."

అల్లం అర్రలోకి తీసుకుపోయాను. స్టూలు మీద కెమెరా పెట్టాను. జుట్టు ముఖం మీదికి విరబోసుకోమని, చేతులు రెండూ ముందుకు చాపమని చెప్పింది నేనే. పది దాకా కదలకుండా నిలబడి, పది కాగానే పక్కకు తప్పుకోమన్నాను. ఆమె నిలబడ్డంతసేపూ నవ్వు ఆపుకుంటూనే ఉంది. బొత్తాం వదిలాక ఇద్దరం అల్లం కుప్ప మీద పడి నవ్వాం. రీలు నేనే తీసుకుపోయి బస్టాండు కాడి ఫోటో స్టూడియోలో "మా చిన్నాయిన ఇచ్చి రమ్మన్నడు" అని ఇచ్చి వచ్చాను.

మా వాడకట్టులో వాకిలికి రాతి తోరణంలా కమానున్న ఇల్లు ఒకటి ఉండేది. ఆ ఇంటాయనను నేను పెదనాయినా అని పిలిచేదాన్ని. మంచి మనిషే, ఎప్పుడు పోయినా జామకాయ చేతిలో పెట్టేవాడు. ఆ ఏడు వానలకు ఆయన చేనులో అల్లం మొత్తం కుళ్లిపోయింది. తవ్వితే చేతికి బురద తప్ప ఏమీ రాలేదు. దాని మీద మూడేళ్ల మనవడికి జ్వరం పట్టుకుని పన్నెండు రోజులైనా దిగలేదు. జ్వరం రావడానికి ముందురోజే ఆ పిల్లవాడికి బొంతలవ్వ అల్లం పట్టు వేసింది.

ఆయన ఏదో పనిమీద స్టూడియోకు పోయాడు. స్టూడియో ఆయన లోపల చీకటి గదిలో ఉన్నాడు. బయట తీగకు ఫోటోలు ఆరవేసి ఉన్నాయి. అందులో ఒకదానిలో ముఖం నిండా జుట్టు విరబోసుకుని, చేతులు చాపి, అల్లం కుప్పలోనుంచి నడిచి వస్తున్నట్టు బొంతలవ్వ ఉంది. ఆమెలోనుంచి అల్లం కనబడుతోంది. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ఫోటో తీసుకుని ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రమే నల్లా కాడి నుంచి అమ్మ బిందె దించుకుంటూ నాయనతో అంది, "బొంతలవ్వ బాణామతి జేస్తదంట. గోడలకెల్లి నడుస్తదంట. కమానింటోళ్ల కాడ ఫోటో ఉన్నదంట."

నేను రొట్టె తింటున్నాను. చేతిలోని ముక్కను తిరిగి గిన్నెలో పెట్టేశాను.

చెబితే కెమెరా ముట్టిన సంగతి బయటపడుతుంది, అబద్ధమాడి రీలు ఇచ్చిన సంగతి బయటపడుతుంది. రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికి అదే సద్దుమణుగుతుందేమో అని కూడా అనుకున్నాను. సద్దుమణగలేదు. తెల్లారి ఒకామె వచ్చి, సగం కుట్టిన తన బొంతను సూదితో సహా గుంజుకుపోయింది. నల్లా కాడ బొంతలవ్వ బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు జరుపుకున్నారు. ఆమెకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ఆ సాయంత్రం అరుగు మీదినుంచి నన్ను పిలిచింది.

"బిడ్డా, జర దారమెక్కియ్యి."

"నాకు బడికి టైమైతుంది" అని పరుగెత్తాను. అది బడి వదిలిన వేళ. ఆమెకూ తెలుసు.

మూడో రోజు. పొద్దు నడినెత్తికి వచ్చింది. తాత రొట్టె ముందర కూర్చున్నాడు. వాకిట్లో చప్పుడు. కమానింటి పెదనాయిన, ఆయన వెనక పదిపన్నెండు మంది మగవాళ్లు వచ్చారు. బొంతలవ్వ ఇంటికి పోయే దారి మా వాకిట్లోంచే.

"కాకా, నువ్వు జర పక్కకుండు" అన్నాడు పెదనాయిన తాతతో. "ఆమెను బయటికి దీస్తం."

"దీసి ఏం జేస్తర్రా?"

వెనకనుంచి ఎవరో అన్నారు. "పండ్లు రాలగొడ్తే మంత్రం పారదు."

తాత ఎంగిలి చేత్తోనే లేచి దర్వాజకు అడ్డంగా నిలబడ్డాడు. పెదనాయిన జేబులోనుంచి ఫోటో తీసి చాపాడు. "నా మన్మడు సస్తున్నడు కాకా. ఇగో, నీ అల్లం అర్రల్నే తిరుగుతుంది. కెమెరాకు దొరికింది. నీ పంట గూడ పోతది, చూడు."

అప్పటికి బొంతలవ్వ చప్పుడు విని మా పెరటి తలుపు కాడికి వచ్చింది. చేతిలో ఖాళీ సూది. నన్ను చూసింది. ఆ ఫోటోనూ చూసింది. ఎవరు తీశారో నా కళ్ల ముందరే చెప్పేయవచ్చు, చెప్పలేదు.

"నేనే దీసిన" అన్నాను.

ఎవరూ వినలేదు. మళ్లీ అరిచాను. "నేనే దీసిన! జుట్టిరబోసుకొమ్మని నేనే జెప్పిన. పది లెక్కవెట్టినంక పక్కకు పొమ్మన్న. తాత ఫోటో వచ్చినట్లే వచ్చింది."

"ముసల్దాని మీద ప్రేమతోని జెప్తుంది" అన్నారు ఒకరు. "పోరి మీద గూడ చేసిందేమో" అన్నారు ఇంకొకరు. అమ్మ వచ్చి నన్ను కొంగులోకి లాక్కుంది.

తాత నన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పెదనాయిన వైపు తిరిగాడు. "సరే. మా పోరి అబద్ధం జెప్తుందనుకుందాం. నిన్ను దీస్తది. అదే అర్రల, అదే డబ్బతోని. నువ్వు నిండుగ వస్తే ఆమెను తీస్కపో, నేనడ్డమురాను. పొగ లెక్క వస్తే?"

పెదనాయిన ఫోటోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కానీ పోనూ లేదు.

నాయన సైకిలు మీద పోయి స్టూడియో ఆయనను, కొత్త రీలును తీసుకొచ్చాడు. ఆయన సంగతి విని తలపట్టుకున్నాడు. "ఇందుల మంత్రమేమున్నదయ్యా, నన్నడిగితే నేనే చెప్తుంటి గదా" అన్నాడు. కానీ అక్కడున్నవాళ్లకు మాట వద్దు, చూడాలి. ఆయన అందరి ముందరే రీలు ఎక్కించాడు. తీసేది మాత్రం నేనే అని తాత పట్టుబట్టాడు.

అల్లం అర్ర నిండా మనుషులు. గాజు పెంకు వెలుతురు కుప్ప మీద పడుతోంది. పెదనాయిన తలపాగా సర్దుకుని కుప్ప ముందర నిలబడ్డాడు. నేను స్టూలు కాడ వంగి బొత్తాం మీద వేలు పెట్టాను. వేలు వణుకుతోంది. కెమెరా కదిలితే అంతా చెదిరిపోతుంది, అప్పుడు ఏదీ రుజువు కాదు. ఏడుపొచ్చింది.

తాత నా వెనక నిలబడి మెల్లగా అన్నాడు, "నువ్వు ఒత్తు. లెక్క నేను జూసుకుంట."

నొక్కాను. "ఒకటి" అన్నాడు తాత. "రెండు." మూడు దగ్గర స్టూడియో ఆయన గొంతు కలిసింది. అయిదు వచ్చేసరికి వచ్చినవాళ్లంతా లెక్కపెడుతున్నారు, పండ్లు రాలగొడదామన్న మనిషి కూడా. పది అనగానే పెదనాయిన పక్కకు తప్పుకున్నాడు. ఖాళీ కుప్పను చూస్తూ అందరూ ఇరవై దాకా లెక్కపెట్టారు. నా వేలు అప్పటికి మొద్దుబారింది.

ఫోటో మరుసటి పొద్దున వచ్చింది. అప్పటిదాకా బొంతలవ్వ మా వంటింట్లోనే, అమ్మ పక్కనే ఉంది. నేను ఆ వైపు పోలేదు.

స్టూడియో ఆయన తెచ్చి పెదనాయిన చేతిలోనే పెట్టాడు. అల్లం కొమ్ములు ఆయన కడుపులోనుంచి, మెడలోనుంచి కనబడుతున్నాయి. తలపాగా మబ్బులా తేలుతోంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన చాలాసేపు చూశాడు. అలాగే మా అరుగు మీద కూలబడి ముఖానికి రెండు చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"మరి నా మన్మనికి ఏమైంది కాకా?" అన్నాడు.

"జ్వరమైంది. దవాఖానకు తీస్కపో" అన్నాడు తాత. ఆ మధ్యాహ్నమే తాత, ఆయన కలిసి పిల్లవాడిని దవాఖానలో చేర్చారు. టైఫాయిడు. ఇరవై రోజులకు లేచి తిరిగాడు.

అందరూ బొంతలవ్వకు ఎదురుపడి తప్పైందన్నారు. సగం బొంత గుంజుకుపోయినామె అదే బొంతను తిరిగి తెచ్చి ఇచ్చింది. బొంతలవ్వ దాన్ని పూర్తి చేసింది, మడిచి పంపింది. ఆ తర్వాత గిన్నెలు, బట్టలు మూటకట్టుకుంది.

"ఎందుకు వోతున్నవ్? ఇగ నిన్ను ఎవ్వరేమంటరు?" అన్నాడు తాత.

"ఎవ్వరేమనరు. తల్లులు పిల్లలను గూడ నా కాడికి పంపరు" అంది. నిజమే. కడుపునొప్పి వచ్చినా అటు ఎవరూ పోవడం లేదు. తప్పైందన్నవాళ్లే, ఆమె ఎదురైతే పిల్లలను కొంగు కిందికి లాక్కునేవాళ్లు. నాయన ఆమెను బీదరు బస్సెక్కించి వచ్చాడు. హైదరాబాదు నుంచి వచ్చాక చిన్నాయిన నా చేతులు విరగ్గొట్టలేదు. ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఏడాది తర్వాత బీదరు దిక్కు ఒక పెండ్లికి పోయినప్పుడు, నాయనను బతిమాలి ఆమె ఊరు అడుగుతూ పోయాం. తమ్ముని కొడుకు ఇంట్లో ఉంటోంది. వాకిట్లో బొంత పరుచుకుని కుడుతోంది. నన్ను చూసి లేవలేదు కానీ, బొంత అంచు జరిపి పక్కన చోటిచ్చింది. నాయన ఆ ఇంటివాళ్లతో మాట్లాడుతూ అవతలికి పోయాడు.

"కమానింటి పిలగాడు మంచిగున్నడా?" అని అడిగింది.

"ఉరుకుతుండు అవ్వా."

ఇంకో నాలుగు కుట్లు వేసింది. "ఒక మాట అడుగుత. నన్ను గట్లంటున్నరని నీకెప్పుడు ఎరుకైంది? వాళ్లు వచ్చిన్నాడేనా?"

అవును అంటే సరిపోయేది. ఆమె నమ్మేది కూడా. "కాదు. రెండు దినాల ముందు" అన్నాను.

ఆమె దారం లాగి, పంటితో కొరికి తెంపింది. "ఊఁ" అంది. కాసేపటికి లేచి లోపలికి పోయి, జొన్నరొట్టె మీద పల్లీల పొడి, నూనె వేసి తెచ్చింది. "తిను" అంది. తింటున్నంతసేపూ నా ఎదురుగా కూర్చుంది. కోపంగా లేదు. కానీ ఎప్పటిలా తిట్టనూ లేదు.

మళ్లీ ఆమెను చూడలేదు. రెండేళ్లకు పోయిందని తెలిసింది.

మా తాత బతికినన్నాళ్లూ వచ్చినవాళ్లందరికీ ఈ కథ చెప్పాడు. "పన్నెండు మంది మొగోళ్ల నడుమ నిలవడి మా పోరి నిజం జెప్పింది" అని. నా పెండ్లిలో మగపెండ్లివాళ్లకు చెప్పాడు. ఆ తర్వాత నా భర్త నా పిల్లలకు చెప్పాడు. ఆ అల్లం అర్ర ఉన్న చోట ఇప్పుడు ట్రాక్టరు సామాన్ల దుకాణాలున్నాయి. తాత, అమ్మ, నాయన, చిన్నాయిన, కమానింటి పెదనాయిన అందరూ పోయారు. కథ మాత్రం మా ఇళ్లలో ఇంకా నడుస్తోంది. అందులో నేను ధైర్యం గల పిల్లను. ఎవరు చెప్పినా నేను తల వంచుకుని వింటాను. సిగ్గుపడుతున్నాననుకుంటారు.

అంతకు ముందు రెండు దినాలు నేను నోరు మూసుకున్న సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే ఉండేవాళ్లం. ఇప్పుడు నేనొక్కదాన్నే.